కాలువ గట్టు వెంట ఒక మధ్యాహ్నం



ఈ వేళ నేను చెప్పబోయేది ఒక షికారు సంగతి. "షికారా! పనీపాటా లేనివాళ్ళకు గదా షికార్లు" అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. అట్లా కాదు. నాట్లకు మనుషులను కుదుర్చుకోవడం ఎట్లా వ్యవసాయమో, తీరిక ఉన్న ఒక మధ్యాహ్నం నలుగురూ కలిసి పక్క ఊళ్ళ పొలాలు చూచి రావడం కూడా అట్లాగే వ్యవసాయం. మన చేను మనకు రోజూ కనబడుతుంది. రోజూ కనబడేదానిలో లోపం కంటికి ఆనదు. అదే పరాయి ఊరి చేను అయితే మన కన్ను ఊరుకోదు. "ఈయన నారుమడి గట్టు ఇంత ఎత్తున ఎందుకు పోశాడు? ఆ మూల నీరు నిలిచి పచ్చబడిందేమి?" అని వెతుకుతుంది. ఆ చూపుతోనే తిరిగి వచ్చి మన చేను చూచుకుంటే, ఏడాది పొడవునా కనబడనిది ఆ సాయంత్రం కనబడుతుంది.

వేరు వేరు ప్రాంతాలవారు వింటున్నారు గనుక ఒక్క దారిని ఎంచుకుని చెబుతాను. అది ధవళేశ్వరం దగ్గర బయలుదేరి కోనసీమలోకి దిగే కాలువ గట్టు దారి. మీది మరొక ప్రాంతమైతే ఇదే చూపుతో మీ దారి మీరు చూచుకోవచ్చు.

ముందు ఎప్పుడు వెళ్ళాలో చెబుతాను. సార్వా కోతలు అయి, కుప్పలు నూర్చి, దాళ్వాకు నారు పోసిన తరువాత నాలుగు రోజులు చేతికి తీరిక దొరుకుతుంది. అనగా డిసెంబరు నెల. ఎండ చురుక్కుమనదు. మధ్యాహ్నం భోజనం కాగానే బయలుదేరితే పొద్దు గుంకే వేళకు ఇల్లు చేరవచ్చు. నలుగురైదుగురు చాలు. అందులో ఒకరు పెద్దవారు, ఒకరు చదువుకునే కుర్రవాడు ఉంటే మంచిది. ఆడవారిని కూడా తీసుకువెళ్ళండి. నాటేదీ, కలుపు తీసేదీ వారే గనుక పొలంలో మనకు కనబడనివి వారికి కనబడతాయి. మోటారు సైకిలు మీద పోతే ఊళ్ళు వెనక్కి పోతాయిగాని పొలం కనబడదు. కాబట్టి గట్టు వరకు ఏ బండి మీద వెళ్ళినా, గట్టు ఎక్కిన తరువాత అక్కడక్కడ దిగి నడవండి.

ధవళేశ్వరం దగ్గర ఒక్క పావుగంట ఆగవలసినది. ఇక్కడ గోదావరికి అడ్డంగా 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1852లో పూర్తిచేశారు. ఆ పని నడిపిన ఇంజనీరు ఆర్థర్ కాటన్ పేరు గోదావరి జిల్లాలలో తెలియనివారు లేరు. ఊరూరా ఆయన విగ్రహాలు ఉన్నాయి. నది పక్కనే ఉండి కూడా ఒక ఏడు వరదతో, మరొక ఏడు కరువుతో అల్లాడిన సీమ అది. ఆ ఆనకట్ట పాతబడిన తరువాత, 1970 తరువాతి సంవత్సరాలలో, బరాజీ కట్టారు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని దానికి నాలుగు భాగాలు. తూర్పు డెల్టా, మధ్య డెల్టా, పశ్చిమ డెల్టా మూడింటికీ నీరు ఇక్కడినుంచే. మొత్తం దాదాపు 10 లక్షల ఎకరాల ఆయకట్టు.

బరాజీ మీదుగా అవతలికి వస్తే బొబ్బర్లంక. మధ్య డెల్టాకు, అంటే కోనసీమకు, నీరు వదిలే తలుపులు ఇక్కడ ఉన్నాయి. ఎడమన గౌతమి, కుడిన వశిష్ఠ. రెండు పాయల నడుమ సముద్రం దాకా పరుచుకున్న నేల కోనసీమ. తలుపుల దిగువన కాలువ గట్టు ఎక్కండి. ఒక వైపు నీరు, ఒక వైపు కొబ్బరి తోటలు. ఆ నడుమ ఊళ్ళు నిదానంగా ఉంటాయి. అరుగు మీద ఒకరిద్దరు కూర్చుని ఉంటారు, గేదెలు కాలువలో మునిగి తలలు మాత్రం పైకి పెట్టి ఉంటాయి, రేవులో ఎవరో బట్టలు ఉతుకుతూ ఉంటారు. ఆ చప్పుడు తప్ప మరొకటి వినబడదు.

ఇక్కడ ఒక్క సంగతి కళ్ళారా చూడండి. గట్టు మీద నిలబడితే పొలం మీ కాళ్ళకు దిగువన ఉన్నది. కాలువలో నీటిమట్టం కూడా పొలంకంటే ఎత్తునే ఉన్నది. ఇదే డెల్టా కట్టుబడి కిటుకు. పంట కాలువ మిట్ట మీద నడుస్తుంది, మురుగు కాలువ పల్లాన నడుస్తుంది. నడుమ మన చేను. పైనుంచి తూము ద్వారా బోదెలోకి, బోదెనుంచి చేనులోకి నీరు వస్తుంది. చేను తాగగా మిగిలినది కింది మురుగులోకి దిగి, చిన్న డ్రెయినునుంచి పెద్ద డ్రెయినుకు, అక్కడినుంచి సముద్రానికో ఏటి పాయకో పోవాలి. రావడానికి ఒక దారి, పోవడానికి ఒక దారి. రెండూ ఉంటేనే డెల్టా. మొదటిదాని కోసం మనం ఇంజనీర్లను, ప్రజాప్రతినిధులను అందరినీ అడుగుతాము. రెండో దాని సంగతి చేను మునిగినప్పుడు గాని గుర్తుకురాదు.

మరికొంత దూరం పోతే లొల్ల లాకులు వస్తాయి. సినిమాలు తీసేవారు కూడా వచ్చే అందమైన చోటు ఇది. పెద్ద చెట్ల నీడ, తలుపుల మీదనుంచి దూకే నీటి హోరు, చల్లని గాలి. ప్రధాన కాలువ ఇక్కడ గన్నవరం కాలువ, అమలాపురం కాలువ మొదలైనవిగా విడిపోతుంది. గన్నవరం కాలువ ఇంకా దిగువకు పోయి పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయను అక్విడక్టు మీదుగా దాటుతుంది. కింద నది, పైన కాలువ. వీలైతే మరొక మధ్యాహ్నం అక్కడికి కూడా పోయి చూడండి.

లాకు ఎట్లా పనిచేస్తుందో మీ వెంట వచ్చిన కుర్రవాడికి చెప్పండి. నేల వాలుగా ఉన్నప్పుడు నీటిని మెట్లు మెట్లుగా దింపడానికి లాకు. ఎగువన ఒక మట్టం, దిగువన ఒక మట్టం. నడుమ రెండు జతల తలుపులతో ఒక గది. దిగువనుంచి వచ్చే పడవ ఆ గదిలోకి రాగానే వెనుక తలుపులు మూస్తారు. ఎగువ నీరు గదిలోకి వదులుతారు. నీటితోపాటు పడవ కూడా లేస్తుంది. మట్టాలు సమం కాగానే ముందు తలుపులు తీస్తారు. రోడ్లు రాకముందు ధాన్యం, కొబ్బరికాయలు, మనుషులు అందరూ ఈ పడవలమీదనే. తాతగారి పెళ్ళివారు పడవ మీద వచ్చిన ఇళ్ళు ఈ గ్రామాలలో ఎన్నో ఉన్నాయి.

అక్కడ లస్కరు గాని, కాలువ పనులు తెలిసిన పెద్దాయన గాని కనబడితే పలకరించండి. మాట కలపడంలో ఒక మర్యాద ఉన్నది. పోగానే "ఎకరానికి ఎంత పండింది?" అని అడగకూడదు. అది జేబులో ఎంత ఉన్నదని అడిగినట్లు ఉంటుంది. "ఏమండీ, మీ ఊరికి సార్వాలో నీరు ఎప్పుడు అందిందండీ?" అని అడగండి. నీటి సంగతి అడిగితే రైతు మాట్లాడతాడు. ఆ తరువాత, "నీరు తీసిందాండీ? కోతల వేళ చేను ఆరిందా?" అని అడగండి. అప్పుడు అసలు కథ మొదలవుతుంది.

"నీరు రావడానికేమండీ, వస్తూనే ఉంటుంది. పోవడమే బ్రహ్మప్రళయం. ఆ డ్రెయిను చూడండి, గుర్రపుడెక్క మీద కోడి నడిచిపోతుంది" అనే మాట దిగువ ఊళ్ళలో ఎవరైనా చెబుతారు. విని ఊరుకోక, "ఎటు వైపండీ అది? చూద్దాం రండి" అనండి. ఆయనే మీ ముందు నడుస్తాడు.

అట్లా పొలం గట్ల మీదుగా మురుగు కాలువ వరకు పోవడమే ఈ షికారులో ముఖ్యమైన భాగం. గుడులూ లాకులూ చూచేవారు ఎందరో ఉన్నారు. మురుగు కాలువ చూడడానికి ఎవరు వెళతారు? రైతే వెళ్ళాలి. అక్కడ నిలబడి మూడు సంగతులు చూడండి. నీరు కదులుతున్నదా, నిలిచి ఉన్నదా? నీటిమట్టం చేనుకంటే ఎంత దిగువన ఉన్నది? తూడు, గుర్రపుడెక్క, పూడిక ఎంత? నీటిమట్టం చేను మట్టానికి వచ్చేసి ఉంటే ఆ చేనుకు మురుగు లేనట్లే లెక్క.

దీని వెనుక పెద్ద చరిత్ర ఉన్నది. కృష్ణా, గోదావరి డెల్టాలలో మురుగు పనుల కోసం 1968లో డ్రైనేజి సెస్సు చట్టమే చేశారు. కాలువలు బాగుచేయడానికి రైతు ఎకరానికి ఇంత అని చెల్లించిన రోజులు ఉన్నాయి. అయినా డ్రెయిను ఒకసారి తవ్వితే సరిపోయేది కాదు. ప్రతి వానకూ కొంత మట్టి దిగుతుంది, ప్రతి ఏడూ కలుపు పెరుగుతుంది, సముద్రపు మొగ దగ్గర ఇసుక మేట వేస్తుంది. ఏరు ఎన్ని వంకలు తిరిగినా సముద్రంలో కలవవలసిందే అంటారు. మొగ పూడిపోతే కలవడం మాట అటుంచి, పోటు వేళ ఉప్పునీరే వెనక్కి వస్తుంది. ఉప్పు ఎక్కిన నేలలో వరి ఎర్రబడుతుంది. కొబ్బరి కూడా క్రమంగా డీలా పడుతుంది.

2011 ఖరీఫులో కోనసీమ రైతులు వేలాది ఎకరాలు నాటకుండా వదిలివేశారు. దానిని "క్రాప్ హాలిడే" అన్నారు. దేశమంతా ఆశ్చర్యపడింది. అన్నపూర్ణ అని పేరు పొందిన సీమలో, కాలువలో నీరు పారుతుండగా, రైతు నాగలి దించాడు. ధర చాలకపోవడం, కూలి ఖర్చు పెరగడం, మురుగు తీయకపోవడం — ఈ మూడూ ఆనాడు రైతులు చెప్పిన కారణాలలో ముఖ్యమైనవి. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసి విచారణ జరిపించింది. 2022లో కూడా కోనసీమలో కొన్ని గ్రామాల రైతులు సార్వా వేయమని చెప్పారు. ఇది ఇక్కడ ఎందుకు చెబుతున్నానంటే, ఈ నిశ్శబ్దమైన ఊళ్ళను చూచి "ఎంత హాయిగా ఉన్నారో" అనుకుని తిరిగిపోవద్దని. ఈ పచ్చదనం కింద ఒక లెక్క నడుస్తూ ఉన్నది. ఆ లెక్క తప్పిన ఏడు చేను బీడు పడుతుంది.

ఇంకొక సంగతి కూడా గమనించండి. గట్టు మీద కలిసిన రైతును "ఈ చేను మీదేనాండీ?" అని అడిగితే, "కాదండీ, కౌలు" అనే జవాబు చాలా చోట్ల వస్తుంది. భూమి గలవారు పట్నంలో ఉంటారు. చేసేవారు కౌలుదారులు. ఏడాది కౌలు మీద ఉన్నవాడు వచ్చే ఏడు ఇదే చేను చేస్తాడో లేదో తెలియక బోదె పూడిక తీయడానికి వెనుకాడతాడు. పట్నంలో ఉన్న యజమానికి బోదె పూడినట్లే తెలియదు. ఇద్దరి నడుమ బోదె పూడిపోతుంది. కాబట్టి కౌలు మాట్లాడుకునేటప్పుడే బోదె, మురుగు ఎవరు తీయాలి, ఖర్చు ఎవరిది అన్నది ఒక మాట అనుకోవడం ఇరువురికీ మంచిది.

ఇక నారుమళ్ళు చూద్దాం. డిసెంబరులో చలి ఎక్కువ గనుక దాళ్వా నారు ఎదగక పాలిపోవడం కద్దు. మంచి రైతు నారుమడిలో ఏం చేస్తాడో చూడండి. రాత్రివేళ పట్టాలు కప్పి ఉదయం తీసివేస్తాడు. తెల్లవారగానే మడిలోని చల్లటి నీరు తీసివేసి కొత్త నీరు పెడతాడు. ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వస్తే జింకు లోపమని గుర్తించి, లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు కలిపి చల్లుతాడు. ఎకరా నాటడానికి 5 సెంట్ల నారుమడి చాలునని, విత్తనం 20 నుంచి 25 కిలోలు సరిపోతుందని మనకు శాస్త్రజ్ఞులు చెబుతూనే ఉన్నారు. అయినా ఒత్తుగా పోసిన మడులు కనబడతాయి. ఒత్తు నారు, పలుచటి నారు పక్కపక్కన ఉన్న చోట ఒక్కొక్క మొక్క పీకి, వేరు చూచి పోల్చండి. మొక్క పీకేముందు చేను రైతును అడగడం మరువకండి.

గింజల మాట వచ్చింది గనుక, పశ్చిమ గోదావరిలోని మార్టేరు పరిశోధనా స్థానాన్ని తలచుకోవాలి. 1925లో మొదలైన ఆ స్థానంనుంచి వచ్చిన స్వర్ణ, అనగా ఎం.టి.యు. 7029, మన సార్వాకు ఎన్నో ఏళ్ళు వెన్నెముకగా నిలిచింది. అది దీర్ఘకాలపు పంట. ఆలస్యంగా నాటితే అక్టోబరు, నవంబరు తుపానుల నోట పడుతుంది. 1996 నవంబరు 6 నాటి తుపాను కోనసీమవారికి ఈ నాటికీ మరపురాదు. కొబ్బరి చెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. అందుకనే సార్వా ముందుగా నాటాలని, అందుకు కాలువకు నీరు ముందుగా వదలాలని అంటారు. సార్వా ముందైతే దాళ్వా ముందవుతుంది. దాళ్వా ముందైతే వీలున్న చోట మూడో పంటగా మినుమో పెసరో చేతికి వస్తుంది. ఒక పంట వెనుకబడితే ఆ వరుస అంతా వెనుకబడుతుంది.

అక్కడినుంచి కొబ్బరి తోటలోకి రండి. నీడ చల్లగా ఉంటుంది, కాసేపు కూర్చోండి. కూర్చుని పైకి చూడండి. ఆకు అడుగున తెల్లటి దూది వలయాలు, కింది ఆకుల మీద నల్లటి మసి కనబడుతున్నదా? అది సర్పిలాకారపు తెల్లదోమ. మన దేశంలో మొదట 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో కనబడి, ఆ ఏడాదే గోదావరి అవతలి ఒడ్డున ఉన్న కడియం నర్సరీల ప్రాంతంలోనూ కనబడింది. మొక్కల రాకపోకలతో ఇటువంటి పురుగు ప్రయాణిస్తుంది. కాబట్టి షికారు నుంచి తిరిగి వచ్చేటప్పుడు ముచ్చటపడి ఏ మొక్క తెచ్చుకున్నా ఆకు తిరగేసి చూచి తెచ్చుకోండి.

ఈ దోమకు కంగారుపడి ఘాటైన మందులు కొట్టవద్దు. దీనిని తినే, దీనిలో గుడ్లు పెట్టే మిత్ర పురుగులు తోటలోనే ఉంటాయి. ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగ జాతి వాటిలో ముఖ్యమైనది. మందు కొడితే ముందు చచ్చేది అదే. ఆకు అడుగున నీటిని జోరుగా కొట్టడం, పసుపు రంగు అట్టలకు ఆముదం రాసి కట్టడం, ఇసేరియా అనే శిలీంధ్రాన్ని చల్లడం — ఇవి మేలైన పద్ధతులు. అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధనా స్థానంవారు కొబ్బరి మీద ఎంతో కాలంగా పనిచేస్తున్నారు. వారి సలహా తీసుకోండి. ఇంకొక మాట. తోట మూల పెంటపోగు ఉంటే కర్రతో కదిపి చూడండి. తెల్లటి లావుపాటి పురుగులు కనబడితే అవి కొమ్ము పురుగు పిల్లలు కావచ్చు. అవి ఆ పెంటలోనే పెరిగి, రెక్కలు వచ్చాక చెట్టు మొవ్వుకు ఎక్కుతాయి.

మంచి తోటలో కొబ్బరి ఒక్కటే ఉండదు. 8 మీటర్ల ఎడంలో నాటిన చెట్ల నడుమ అరటి, కంద, కోకో కనబడతాయి. ఒక ధర పడిపోయిన ఏడు మరొకటి ఆదుకుంటుంది. "దేనిమీద ఎంత మిగిలిందండీ?" అని ఇక్కడ అడగవచ్చు. తోట నీడలో కూర్చున్నాక రైతు ఆ మాటకు కోపగించుకోడు.

పొద్దు వాలుతూండగా ఆత్రేయపురం చేరండి. పూతరేకులు ఎట్లా చేస్తారో చూచి తీరవలసినది. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకు మంట. పలుచటి బియ్యపు పిండి నీటిలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్క లాగు లాగితే, కాగితం కంటే పలుచగా రేకు లేస్తుంది. దానిలో నెయ్యి, బెల్లమో పంచదారో వేసి చుడతారు. ఈ పని స్త్రీల చేతి నేర్పు. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. రేకుకు జయ రకం బియ్యం వాడతారు. మనం బస్తాలకెత్తి అమ్మే ధాన్యమే ఇక్కడ ఒక చేతిలో పడి ఎంత విలువ పెంచుకుంటున్నదో ఆలోచించండి. మీ ఊరి పంటకు అటువంటి చేయి ఏదైనా ఉన్నదా అని మీలో మీరు ప్రశ్నించుకోండి. పిల్లలకు ఒక పెట్టె కొనుక్కోండి. చేసినవారి దగ్గరే కొంటే వారికీ నాలుగు రాళ్ళు మిగులుతాయి.

కాలువలు లేని ప్రాంతాలవారు ఈ మాటలు మావి కావనుకోవద్దు. తెలంగాణలోనో రాయలసీమలోనో మీ పక్క ఊరి చెరువు కట్ట ఉన్నది. కట్ట మీద నడిచి తూము చూడండి, మత్తడి చూడండి. దానిని అలుగు అని కూడా అంటారు. చెరువులోకి నీరు తెచ్చే వాగు దారి ఎక్కడ ఆక్రమణలో పడిందో, ఎక్కడ తుమ్మ మొలిచిందో చూడండి. నీరటివారు ఉంటే వారిని పలకరించండి. రావడానికి ఒక దారి, పోవడానికి ఒక దారి అన్న సూత్రం చెరువుకూ అంతే.

గ్రామాలలో పనిచేసే వ్యవసాయ సిబ్బందికి ఒక మనవి. ఇటువంటి షికారును శిక్షణ తరగతిగా మార్చవద్దు. బ్యానరు, ఫోటో, సంతకాల కాగితం ముందుకు వస్తే రైతు నోరు మూసుకుంటాడు. మీరు వెనుక నడవండి, రైతును రైతుతో మాట్లాడనివ్వండి. అడిగినప్పుడు మాత్రం సరియైన మాట చెప్పండి. తెలియకపోతే తెలుసుకుని రెండు రోజులలో చెబుతానని, ఆ ప్రకారం చెప్పండి. ఎగువ ఊరివారిని దిగువ ఊరికి, దిగువ ఊరివారిని ఎగువ ఊరికి ఒకసారి తీసుకువెళ్ళండి. ఎగువన బోదెకు అడ్డు వేసేవాడు దిగువన మునిగిన చేనును కళ్ళతో చూస్తే, మరునాడు అడ్డు తీయమని ఎవరూ చెప్పనక్కరలేదు.

రైతు సోదరులారా, తిరిగి వచ్చిన రాత్రి పడుకోబోయే ముందు మూడు సంగతులు కాగితం మీద రాసుకోండి. చూచినవాటిలో మన చేనులో వెంటనే చేయదగినది ఒకటి. నలుగురం కలిస్తేగాని కానిది ఒకటి. పై అధికారులను అడగవలసినది ఒకటి. మొదటిది మరునాడే చేయండి. రెండోదానికి బోదె కింద ఉన్న రైతులందరూ కలిసి ఒక రోజు పెట్టుకోండి. ఒక్క పూట పలుగు పార పట్టుకుంటే ఫర్లాంగు బోదె శుభ్రపడుతుంది. మూడోదానికి అర్జీ రాసేటప్పుడు "మా డ్రెయిను బాగుచేయించండి" అని మాత్రమే రాయవద్దు. ఏ డ్రెయిను, ఏ ఊరి దగ్గరనుంచి ఏ ఊరి దగ్గర వరకు పూడింది, ఎన్ని ఎకరాలు మునుగుతున్నాయి, ఏ నెలలో మునుగుతున్నాయి అన్నది రాయండి. మీరు నడిచి చూచారు గనుక ఇప్పుడు రాయగలరు. నడిచి చూచినవాడు రాసిన అర్జీని పక్కన పెట్టడం ఎవరికైనా కష్టమే.

కాలువలు కట్టేసే వేసవి రోజులు మురుగు పనులకు అనువైనవి. అప్పటికి అర్జీ చేరి, మంజూరు అయి, పని మొదలుకావాలంటే చూడవలసినది ఇప్పుడే. కాబట్టి ఈ వారంలోనే ఒక మధ్యాహ్నం చూచుకోండి. భోజనం ముగించి, కండువా భుజాన వేసుకుని, నలుగురూ కలిసి గట్టు ఎక్కండి.